మణికట్టు నరానికి ఆపరేషన్: ఏది ముందు తగ్గుతుంది, ఏది ఆలస్యంగా తగ్గుతుంది?

రాత్రి ఒంటి గంటకో రెండింటికో చెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వస్తుంది. లేచి కూర్చుని విదిలిస్తే కాస్త హాయిగా ఉంటుంది. పడుకుంటే మళ్లీ అదే. పగలు మగ్గం వర్క్ చేస్తున్నా, బండి నడుపుతున్నా, ఫోన్ పట్టుకుని మాట్లాడుతున్నా వేళ్లు మొద్దుబారతాయి. చాలా ఇళ్లల్లో అమ్మీలు దీన్ని పని ఎక్కువై వచ్చిన నొప్పి అనుకుని, బామ్ రాసుకుంటూ నెలల తరబడి నెట్టుకొస్తారు. చివరికి డాక్టర్ 'కార్పల్ టన్నెల్ సిండ్రోమ్, ఆపరేషన్ చేయాలి' అనగానే ఇంటిల్లిపాదికీ కంగారు. చెయ్యి పడిపోతుందా? వంట ఎవరు చేస్తారు? వుజూ ఎలా?

ఇది చిన్న ఆపరేషనే. కానీ దీని నుంచి ఏం ఆశించాలో, ఎంతకాలం ఓపిక పట్టాలో ముందే తెలిస్తే సగం భయం పోతుంది.

లోపల ఏం జరుగుతుంది?

మణికట్టు దగ్గర ఒక ఇరుకైన దారి ఉంటుంది. దానికి అడుగున ఎముకలు, పైన గట్టి పట్టీలాంటి లిగమెంట్. వేళ్లను ముడిచే తాళ్లలాంటి 9 స్నాయువులు, వాటితో పాటు మీడియన్ నరం ఈ దారిలోంచే అరచేతిలోకి వెళ్తాయి. లోపల వాపు వస్తే ముందు నలిగేది నరమే. అందుకే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. చిటికెన వేలికి స్పర్శనిచ్చేది వేరే నరం. తిమ్మిరి ముఖ్యంగా ఆ వేలిలోనే ఉంటే మోచేతి దగ్గరో మెడ దగ్గరో కారణం వెతకాలి.

మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఈ సమస్య ఎక్కువ. షుగర్, థైరాయిడ్ తక్కువగా ఉండటం, కీళ్లవాతం, గర్భం కూడా కారణాలే. గర్భంతో వచ్చింది చాలామందిలో కాన్పు తర్వాత తగ్గిపోతుంది.

అందరికీ ఆపరేషన్ కావాలా?

అక్కర్లేదు. మొదట్లోనే వస్తే రాత్రిపూట మణికట్టు వంగకుండా స్ప్లింట్ కట్టుకోమంటారు. కొందరికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. నరం ఎంత దెబ్బతిందో చూడటానికి నర్వ్ కండక్షన్ టెస్ట్ చేస్తారు. వీటితో తగ్గకపోయినా, స్పర్శ ఎప్పుడూ మందంగానే ఉంటున్నా, చేతిలోంచి గ్లాసు జారిపోతున్నా, బొటనవేలి కింద ఉండే కండ పలచబడుతున్నా ఆపరేషన్ వాయిదా వేయకూడదు. కండ కరిగిపోయేదాకా ఆగితే, తర్వాత ఆపరేషన్ చేసినా ఆ బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

ఆ రోజు ఏం చేస్తారు?

సాధారణంగా చేతికి మాత్రమే మత్తు ఇస్తారు. మనిషి మెలకువగానే ఉంటారు. నొప్పి తెలియదు, ఎవరో చెయ్యి కదుపుతున్నట్టు మాత్రం తెలుస్తుంది. అరచేతి అడుగున కొన్ని సెంటీమీటర్ల కోత పెట్టి, నరాన్ని నొక్కుతున్న లిగమెంట్‌ను కోసి వదులు చేస్తారు. నరాన్ని కోయరు. కొన్నిచోట్ల చిన్న రంధ్రంలోంచి కెమెరా పంపి చేస్తారు. ఎక్కువగా 20 నిమిషాల లోపే అయిపోతుంది, చాలామంది అదే రోజు ఇంటికి వచ్చేస్తారు.

ఉంగరాలు, గాజులు ముందే తీసేయాలి. షుగర్ మందులు, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పాలి. ఏ మాత్రనూ సొంతంగా ఆపకూడదు. రంజాన్‌లో రోజాలు ఉంటే ఆ సంగతి కూడా తారీఖు పెట్టుకునే ముందే డాక్టర్‌కు చెప్పాలి. రెండు చేతులకూ సమస్య ఉంటే ఒకదాని తర్వాత ఒకటి చేయించుకోవడం ఇంట్లో పనులకు తేలిక.

ఇంటికి వచ్చాక

మొదటి కొన్ని రోజులు చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంచాలి, పడుకున్నప్పుడు కింద దిండు పెట్టాలి. వేళ్లను మొదటి రోజు నుంచే మెల్లగా ముడుస్తూ చాపుతూ ఉండాలి. భయపడి కదపకుండా ఉంచితే బిగుసుకుపోతాయి. కుట్లు సాధారణంగా 10 నుంచి 14 రోజుల్లో తీస్తారు. అప్పటిదాకా కట్టు తడవకూడదు.

వుజూ సంగతికొస్తే, కట్టు ఉన్నచోట నీళ్లు పోయకుండా తడి చేత్తో దానిపై మసహ్ చేయడానికి షరీఅత్‌లో సౌలభ్యం ఉంది. సజ్దాలో అరచేతి మీద బరువు పడుతుంది కాబట్టి మొదటి వారాల్లో నమాజ్ ఎలా చేసుకోవాలో దగ్గర్లోని ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి. అరచేయి మానేదాకా మెహందీ వద్దు.

ఏది ఎప్పుడు తగ్గుతుంది?

చాలామందికి ముందు తగ్గేది రాత్రి నొప్పి. కొన్ని రోజుల్లోనే ప్రశాంతంగా నిద్ర పడుతుంది. వేళ్ల తిమ్మిరి తగ్గడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది, ఎందుకంటే నరం చాలా నెమ్మదిగా కోలుకుంటుంది. చివరికి వచ్చేది పట్టు. మూత తిప్పడం, బట్టలు పిండటం లాంటివి 2, 3 నెలలు, కొందరికి ఇంకా ఎక్కువకాలం కష్టంగా అనిపిస్తాయి. అరచేతి అడుగున రెండు పక్కలా నొక్కితే వచ్చే నొప్పి కూడా కొన్ని నెలలు ఉండొచ్చు. ఇవి చూసి 'ఆపరేషన్ ఫెయిల్ అయింది' అనుకోవద్దు.

కూర్చుని చేసే తేలిక పనులు ఒకటి రెండు వారాల్లో మొదలుపెట్టొచ్చు. బరువులెత్తే పనికి 6 వారాలో ఆపైనో పడుతుంది. బండి నడపాలంటే హ్యాండిల్ గట్టిగా పట్టుకుని, నొప్పి లేకుండా బ్రేక్ వేయగలగాలి.

గాయం ఎర్రబడి చీము కారినా, జ్వరం వచ్చినా, నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా, వేళ్లు కొత్తగా మొద్దుబారినా, నీలంగా మారినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇలాంటివి అరుదే, కానీ షుగర్ ఉన్నవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి.

చివరిగా ఇంట్లోవాళ్లకు ఒక మాట. ఆపరేషన్ అయిన చేతికి నిజమైన మందు విశ్రాంతి. అమ్మీకి కుట్లు విప్పగానే 'ఇక బాగైపోయిందిగా' అని రొట్టెల పీట ముందు పెట్టకండి. ఇన్నేళ్లు ఇంటికోసం తిరిగిన ఆ చేతికి, కొన్ని వారాలు మిగతా చేతులు తోడైతే చాలు.