చల్లారిన నిప్పు: ‘నిప్పులాంటి మనిషి’ నుండి ‘తుఫాన్’ వరకు

చిత్తూరు జిల్లా పల్లెలలో వేసవి వచ్చినదనగా ద్రౌపదీ ధర్మరాజుల గుడుల యొద్ద భారతము ఆరంభమగును. పగలు హరికథ, రాత్రి వీధినాటకము. అర్జునుడు తపస్సు మాను ఎక్కుటయు, కడపటి దినమున నేలపై మట్టితో మలచిన దుర్యోధనుని భీముడు కూల్చుటయు ఊరి పసిబిడ్డలకు సైతము తెలిసినదే. అయినను ఏటేట జనులు చాపలు చంకనిడుకొని వచ్చి తెల్లవారుదాక కూర్చుందురు. కావున తెలిసిన కథను మరల చెప్పుట తప్పని మన సీమలో ఎవ్వరును అనరు. మరల చెప్పినపుడు కథలోని ప్రాణము నిలిచినదా లేదా అనునదే విచారింపదగిన విషయము.

ఈ విచారణకు తగిన ఉదాహరణము ‘తుఫాన్’ అను చలనచిత్రము. 2013 సెప్టెంబరు 6వ తేదీన ఇది తెలుగులో ఈ పేరుతోను, హిందీలో ‘జంజీర్’ అను పేరుతోను విడుదలయ్యెను. నలుబది సంవత్సరములకు పూర్వము, 1973లో, వచ్చిన ‘జంజీర్’ అను పోలీసు కథకు ఇది పునర్నిర్మాణము. ఆ పాత కథయే 1974లో ‘నిప్పులాంటి మనిషి’ అను పేర తెలుగువారి ఎదుటికి వచ్చియుండెను. తిరుపతివారికి ఈ రెండు తెలుగు చిత్రములతోను మరియొక సంబంధము కలదు. మొదటి చిత్రమున నాయకుడైన శ్రీ ఎన్.టి. రామారావు 1983లో గుడివాడతోపాటు తిరుపతి నుండియు శాసనసభకు ఎన్నికైరి. రెండవ చిత్రమున నాయకుడైన శ్రీ రామ్‌చరణ్ తండ్రి శ్రీ చిరంజీవి 2009లో తిరుపతి నుండి ఎన్నికైరి. ఇట్లు రెండు చిత్రముల వెనుకను ఈ ఊరి ఓటరులకు పరిచితమైన పేర్లే ఉన్నవి.

మూలకథను ఒకమారు స్మరింతము. దీపావళి రాత్రి ఒక బాలుడు తన తల్లిదండ్రుల హత్యను కన్నులార చూచును. హంతకుని ముఖము కనబడదు. వాని మణికట్టున వ్రేలాడు గొలుసును, దానికున్న గుఱ్ఱపు బొమ్మయు మాత్రమే కనబడును. బాలుడు పెరిగి పోలీసు ఇన్‌స్పెక్టరు అగును. ఆ గుఱ్ఱము మాత్రము కలలలో ఆతనిని వెంటాడుచునే యుండును. జూదశాల నడుపు షేర్‌ఖాన్ అను పఠాను ఠాణాకు వచ్చి ధీమాగా కూర్చుండబోగా ఇన్‌స్పెక్టరు ఆ కుర్చీని కాలితో తన్నివేయును. పిదప ఆతడు యూనిఫారము విడిచి షేర్‌ఖాన్ వీధికే వెళ్లి తలపడును. ఆ పోరు ముగిసినప్పటి నుండి వారిరువురు మిత్రులగుదురు. కత్తులకు సానపట్టి పొట్ట పోసికొను మాల అను యువతి, పిల్లలను బలిగొన్న వాహన ప్రమాదమునకు సాక్షి. పేరు చెప్పని వ్యక్తి యొకడు టెలిఫోనులో దొంగసరుకు జాడ తెలుపుచుండును. కల్తీసారా వలన కుమారులను పోగొట్టుకొన్న తండ్రి యాతడు. తుదకు నేరస్థులు ఇన్‌స్పెక్టరుపై లంచము నేరము మోపి చెరసాలకు పంపింతురు. చట్టమును నమ్మినవానిని చట్టమే విడిచిపెట్టినపుడు ఆతడేమి చేయవలెను? కథకు ఇరుసు ఈ ప్రశ్న.

ఈ కథను సలీం, జావేద్ అను జంట రచయితలు వ్రాయగా ప్రకాశ్ మెహ్రా చిత్రముగా తీసెను. ప్రముఖ నటులు కొందరు కాదన్న పాత్ర అమితాబ్ బచ్చన్‌కు దక్కెను. అప్పటికి ఆయన వరుస పరాజయములతో నున్న నటుడు. చిత్రమంతటను కథానాయకుడు ఒక్క పాటయైనను పాడడు. ఆ కాలపు హిందీ చిత్రములకు ఇది అరుదైన విషయము. శబ్దమునే నమ్ముకొన్న రేడియోవారికి ఇందలి టెలిఫోను ఘట్టములు ప్రత్యేకముగ తోచును. మనిషి కానరాడు, కంఠము మాత్రమే వినబడును. అయినను ఆ తండ్రి దుఃఖము మనకు పూర్తిగ తెలియును.

తెలుగున ఈ కథకు దర్శకత్వము వహించినవారు శ్రీ ఎస్.డి. లాల్. అంతకు ముందు ‘నిండు మనసులు’ (1967), తరువాత ‘అన్నదమ్ముల అనుబంధం’ (1975) చిత్రములను కూడ ఆయన హిందీ కథల ఆధారముననే రామారావు నాయకుడుగా తీసిరి. పరాయి కథను మన నటునికి ఇముడునట్లు మలచుట ఆయనకు అలవడిన విద్య. హిందీలో కోపించినవాడు ముప్పది యేండ్ల కొత్త మనిషి. తెలుగులో కోపించినవాడు ఏబది దాటినవాడు, రాముడుగను కృష్ణుడుగను ప్రజలు ఎరిగిన రూపము. అట్టి శాంతమూర్తి దొంగలపై నిప్పులు చెరుగుట ప్రేక్షకులకు వేరొక అర్థము నిచ్చెను. తాము నమ్మిన ధర్మమునకే కోపము వచ్చినట్లు వారికి తోచెను. షేర్‌ఖాన్‌గా శ్రీ కైకాల సత్యనారాయణ నటించిరి. ప్రతినాయక పాత్రలతో పేరొందిన ఆయన ఇందు ప్రాణమిచ్చు మిత్రుడైరి. ఆయనకై శ్రీ ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పాడిన స్నేహ గీతము నేటికిని వినబడుచునే యున్నది.

అదే 1974లో తమిళమున ‘సిరిత్తు వాళ వేండుం’ అను పేర ఈ కథ మరల వచ్చెను. అందు శ్రీ ఎం.జి. రామచంద్రన్ ఇన్‌స్పెక్టరు పాత్రయు, ఆతని మిత్రుని పాత్రయు తానే ధరించిరి. కథానాయిక మాత్రము తెలుగు, తమిళములు రెండింటను లతయే. నగరి, పుత్తూరు, చిత్తూరు వంటి చోట్ల ఇంట తెలుగు, అంగడిలో తమిళము మాటలాడువారు ఎందరో కలరు. అట్టివారికి ఒకే కథను ఒకే యేట ఇద్దరు మహానటుల యందు చూచి పోల్చుకొను వీలు కలిగెను. మూడు భాషలలో ముగ్గురు నటులు మూడు విధముల చెప్పినను కథ చెడలేదు. యూనిఫారము పోయిన మనిషి బాధ మూడింటను మిగిలియుండుటయే దానికి హేతువు.

2013లో ఈ కథను చేపట్టిన దర్శకుడు శ్రీ అపూర్వ లఖియాకు మంచి అవకాశమే లభించెను. పాత దొంగసరుకుకు బదులు ఆయన చమురు కల్తీ ముఠాను తీసికొనెను. ఇది గాలిలో పుట్టిన కల్పన కాదు. 2011 జనవరిలో మహారాష్ట్రమున మన్మాడ్ సమీపమున యశ్వంత్ సోనావణె అను అదనపు కలెక్టరును చమురు కల్తీదారులు సజీవ దహనము చేసిరి. అదే యేడు జూనులో ముంబయి నగరమున నేరవార్తల విలేఖరి జ్యోతిర్మయ్ డే కాల్చి చంపబడెను. చిత్రములో కూడ చమురు ముఠాను వెంటాడు విలేఖరి పాత్ర యొకటి కలదు. తెలుగున దానిని శ్రీ తనికెళ్ల భరణి ధరించిరి. హైదరాబాదు నుండి ముంబయికి బదిలీయైన తెలుగు అధికారి నాయకుడు. ప్రకాశ్‌రాజ్ ప్రతినాయకుడు. షేర్‌ఖాన్‌గా హిందీలో సంజయ్ దత్, తెలుగులో శ్రీహరి నటించిరి. చిత్రము వచ్చిన నెలదినములకే, అక్టోబరు 9న, శ్రీహరి దివంగతులైరి. ఇన్ని వనరులున్నను చిత్రము విమర్శకులను మెప్పింపలేదు, ధనమును రాబట్టలేదు.

కారణములు చిత్రములోనే కలవు. మొదటిది మాల పాత్ర. పాత మాల రెక్కాడిన గాని డొక్కాడని మనిషి. ఆమె సాక్ష్యము చెప్పుటయనగా తన గుడిసెను, కూటిని, ప్రాణమును పణముగ పెట్టుట. కొత్త మాల పెండ్లి చూచుటకై న్యూయార్కు నుండి వచ్చిన యువతి. ఆమెకు ప్రాణభయము కలుగవచ్చును గాని, తిరిగి పోవుటకు విమానము కలదు. సాక్షి ధైర్యమునకు వెల తగ్గగా కథకును వెల తగ్గెను. రెండవది కుర్చీ ఘట్టము. 1973లో ఆ తన్ను ఎవ్వరును ఊహింపనిది. నలుబది యేండ్ల తరువాత అది ప్రేక్షకుడు ముందే ఎదురుచూచు మ్రొక్కుబడి. ఎదురుచూచిన దానిని ఎదురుచూచినట్లే ఇచ్చుట వలన అందు ప్రమాదము లేకపోయెను. మూడవది ప్రతినాయకుడు. మోనాతో ఆతని సరసములు నవ్వు పుట్టించుటకై ఉద్దేశింపబడినవి. మనుష్యులను తగులబెట్టు ముఠా నాయకుని చూచి మనము నవ్విన పిదప భయపడుట ఎట్లు? అన్నిటికన్న ముఖ్యమైనది నాయకుని నిస్సహాయత లేకపోవుట. వ్యాయామముతో తీర్చిన దేహము కలదు గాని, ఓడిపోవునేమో అను శంక మనకు ఒక్క క్షణమైనను కలుగదు.

ఆ పరాజయమునకు బయటి కారణములును చూపవచ్చును. తెలంగాణ ఏర్పాటునకు అనుకూలముగ కాంగ్రెసు కార్యవర్గము 2013 జులై 30న తీర్మానించెను. అప్పటి నుండి రాయలసీమ, కోస్తా జిల్లాలలో సమైక్యాంధ్ర ఉద్యమము చెలరేగెను. నాడు కేంద్ర మంత్రిగా నున్న చిరంజీవిపై ఆగ్రహము ఆయన కుటుంబపు చిత్రములపైకిని మరలెను. కొన్నిచోట్ల ప్రదర్శనలకు ఆటంకము కలిగెను. ఇది సత్యమే. కాని ఆ ఉద్యమము లేని ఉత్తరదేశమున కూడ హిందీ చిత్రము నిలువలేదు. కావున దోషమును వీధులపైకి నెట్టుటకు వీలు లేదు.

ఇట్టి అనుభవము మనదొక్కటే కాదు. అమెరికా దేశమున ‘డ్రాగ్నెట్’ అను పోలీసు నాటకము 1949లో రేడియోలో పుట్టెను. 1951లో టెలివిజనుకు, 1954లో వెండితెరకు ఎక్కెను. దాని నిర్మాతయు నాయకుడును అగు జాక్ వెబ్ పోలీసుల దినచర్యను కల్పనల ఆర్భాటము లేకుండ చెప్పెను. 1987లో అదే పేర వచ్చిన చిత్రము దానిని హాస్యముగ మార్చెను. 1977 నుండి 1983 వరకు టెలివిజనులో సాగిన ‘చిప్స్’ అను రహదారి పోలీసుల కథకును 2017లో అదే గతి పట్టెను. పాత కథను తీసినవారికి ఆ కథపై నమ్మకము లేనిచో, వారికి మిగులునది దాని పేరును, దానిని చూచి నవ్వుకొనుటయు మాత్రమే.

ఈ విషయము వినోదముతో ముగియునది కాదు. నిజాయితీగల పోలీసును నమ్మవచ్చునా అను ప్రశ్న మన ప్రాంతమున ఊరక అడుగునది కాదు. శేషాచలపు కొండలలో ఎఱ్ఱచందనము దొంగరవాణా ఎన్నో యేండ్లుగ సాగుచున్నది. 2015 ఏప్రిల్ 7న ఆ అడవులలో పోలీసు కార్యదళము కాల్పులలో ఇరువదిమంది మరణించిరి. వారు తమిళనాటి నుండి వచ్చినవారు. చెట్టు నరికిన కూలివాడు చనిపోవుటయు, సరుకు కొన్నవాడు మిగులుటయు చూచిన జనులకు చట్టముపై ఎన్నో సందేహములు కలవు. 2021 డిసెంబరులో ‘పుష్ప’ చిత్రము ఈ కొండలనే, మన చిత్తూరు యాసనే తీసికొని, చందనపు దొంగను నాయకుడుగను పోలీసు అధికారిని శత్రువుగను నిలిపెను. దేశమంతయు దానిని ఆదరించెను. నాయకుడుగ నటించిన అల్లు అర్జున్‌కు జాతీయ ఉత్తమ నటుడను పురస్కారమును లభించెను. 1974లో జనులు ఇన్‌స్పెక్టరు ప్రక్కన నిలిచిరి. నలుబదియేడు సంవత్సరములకు దొంగ ప్రక్కన నిలిచిరి. ఈ మార్పు ఏల వచ్చెనో చెప్పుటకు ‘తుఫాన్’కు నడుమ దారిలో అవకాశము చిక్కెను. చట్టమును నమ్మి కాలి బూడిదయైన అధికారి ఉదంతమే దాని చేతిలో నుండెను. అది పాటలకును పోరాటములకును వెనుక తెరగా మిగిలిపోయెను.

రెండు చిత్రములను చూడగోరువారు ముందు ‘నిప్పులాంటి మనిషి’ని చూచుట మేలు. పిదప ‘తుఫాన్’ను చూచునపుడు, లోపించినది ఏ ఘట్టమున లోపించినదో వారికే తెలియును. ఇక ఈ కథను మూడవమారు చెప్పదలచువారెవరైన నున్నచో, కుర్చీని తన్నుటకు ముందు ఆ ఇన్‌స్పెక్టరు జీతమెంతయో, ఆతనికి లొంగని సాక్షి ఏ వాడలో కాపురముండునో, ఆతనిపై నేరము మోపుటకు ఎవరెవరి సంతకములు కావలసివచ్చెనో విచారింపవలెను. వానికి బదులు దొరకినచో కథ తనంతట తానే నడచును.