లినక్స్ కంప్యూటర్‌పై రైతు ఉత్పత్తిదారుల సంస్థ లెక్కలు: సాఫ్ట్‌వేర్ ఎంపికలో గమనించవలసిన అంశాలు

రైతు ఉత్పత్తిదారుల సంస్థకు గిడ్డంగి, తూకపు యంత్రం, రవాణా సౌకర్యం ఎంత అవసరమో సక్రమమైన జమాఖర్చుల పుస్తకం కూడా అంతే అవసరం. కేంద్ర ప్రభుత్వం 2020లో ప్రారంభించిన 10,000 సంస్థల ఏర్పాటు పథకం కింద ఒక్కొక్క సంస్థకు మూడేళ్ల కాలానికి గరిష్ఠంగా 18 లక్షల రూపాయల వరకు నిర్వహణ వ్యయం లభిస్తుంది. ఆ గడువు తీరిన తరువాత అకౌంటెంటు జీతం, కంప్యూటర్ మరమ్మతు, సాఫ్ట్‌వేర్ రుసుము మొదలైనవన్నీ సంస్థ తన వ్యాపారం నుండే భరించవలసి ఉంటుంది. అందువలన లెక్కల సాఫ్ట్‌వేర్ ఎంపిక చిన్న విషయంగా కనిపించినా, సంస్థ మనుగడతో ముడిపడిన నిర్ణయం.

ఈ నిర్ణయానికి ఇటీవల మరొక చిక్కు తోడైంది. విండోస్ 10 నిర్వహణ వ్యవస్థకు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టి.పి.ఎం. 2.0 అనే భద్రతా పరికరంతో పాటు కొత్త తరం ప్రాసెసర్ కూడా కావాలి. బాగా పనిచేస్తున్న పాత కంప్యూటర్లు అనేకం ఈ అర్హతకు అందవు. కొత్త యంత్రం కొనలేని సంస్థకు మిగిలే మార్గాలలో ముఖ్యమైనది లినక్స్. ఇది ఉచితంగా లభిస్తుంది, పాత యంత్రాలపై కూడా నడుస్తుంది, భద్రతా సవరణలు క్రమం తప్పకుండా అందుతాయి. అయితే మన ప్రాంతంలో అకౌంటెంట్లు ఎక్కువగా నేర్చుకొని ఉన్న టాలీ విండోస్ కోసం రూపొందినది. ఈ స్థితిలో ఏ సాఫ్ట్‌వేర్ వాడాలన్న ప్రశ్న కృషి విజ్ఞాన కేంద్రాల శాస్త్రవేత్తల వద్దకు కూడా వస్తుంది.

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలకు ఈ సమస్య ఇంత తీవ్రంగా లేదు. 63,000 సంఘాల కంప్యూటరీకరణకు 2,516 కోట్ల రూపాయల అంచనాతో 2022లో ఆమోదం లభించింది. వాటికి జాతీయ స్థాయిలో ఉమ్మడి సాఫ్ట్‌వేర్ ఏర్పాటైంది. రైతు ఉత్పత్తిదారుల సంస్థ మాత్రం తన లెక్కల సాధనాన్ని తానే ఎంచుకోవాలి. సాధారణంగా "లినక్స్‌లో ఏది నడుస్తుంది?" అన్న ప్రశ్నతో వెదుకులాట మొదలవుతుంది. సంస్థ లెక్కలు ఏమి చూపాలి, చట్టం ఏమి కోరుతుంది అన్న రెండు ప్రశ్నలకు సమాధానం దొరికిన తరువాతనే ఈ మూడవ ప్రశ్నకు అర్థం ఉంటుంది.

సంస్థ లెక్కల ప్రత్యేకత

సాధారణ దుకాణదారునికి కొనుగోలు, అమ్మకం, నిల్వ, బాకీలు తెలిస్తే సరిపోతుంది. ఉత్పత్తిదారుల కంపెనీలో సరుకు అమ్మేవాడే యజమాని కూడా. కంపెనీల చట్టం, 2013లోని 21-ఎ అధ్యాయం ప్రకారం సభ్యుడు తెచ్చిన సరుకు ధరలో కొంత భాగాన్ని నిలిపి ఉంచి తరువాత చెల్లించవచ్చు. వాటాధనంపై పరిమిత ప్రతిఫలం ఇవ్వవచ్చు. మిగులు నుండి సభ్యులకు వారు సంస్థతో జరిపిన వ్యాపార పరిమాణాన్ని బట్టి బోనస్ పంచవచ్చు. అంటే ఎవరు ఎంత సరుకు ఇచ్చారన్నది గిడ్డంగి రిజిస్టరుకు మాత్రమే చెందిన సమాచారం కాదు. అది సభ్యుని హక్కుకు ఆధారం.

ఒక చిన్న ఉదాహరణ తీసుకోవచ్చు. ఒక సభ్యుడు 12 క్వింటాళ్ల కందులు, మరొక సభ్యురాలు 4 క్వింటాళ్లు తెచ్చారనుకుందాం. సంస్థ క్వింటాలుకు 200 రూపాయల చొప్పున నిలిపి ఉంచితే మొదటి వారికి 2,400, రెండవ వారికి 800 రూపాయలు బాకీ పడుతుంది. అకౌంటెంటు "కందుల కొనుగోలు, 16 క్వింటాళ్లు" అని ఒకే పద్దుగా రాస్తే అంకణా సరిపోతుంది, ఆస్తి అప్పుల పట్టీ కూడా సరిపోతుంది. అయినా సంవత్సరాంతంలో ఆ 3,200 రూపాయలు ఎవరికి ఎంత చెందుతాయో పుస్తకం చెప్పలేదు. కాబట్టి సభ్యుల వారీ ఖాతా, సరుకు వారీ పరిమాణం, నిలిపి ఉంచిన ధరకు ప్రత్యేక పద్దు అనే మూడు సౌకర్యాలు తప్పనిసరి.

ఉత్పాదకాల అమ్మకంలో మరొక అవసరం ఉంది. విత్తనాలకు జి.ఎస్.టి. మినహాయింపు ఉంది, ఎరువులపై 5 శాతం, రసాయనిక పురుగుమందులపై 18 శాతం పన్ను పడుతుంది. ఒకే బిల్లులో మూడూ ఉండవచ్చు. పురుగుమందులకు, విత్తనాలకు బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ కూడా నమోదు కావాలి. గడువు దాటిన సరుకు నిల్వలో విలువగా కనిపిస్తే లాభం లేనిచోట లాభం చూపినట్లవుతుంది.

చట్టం కోరేది

కంపెనీగా నమోదైన సంస్థ కంప్యూటర్‌లో లెక్కలు రాస్తే, 2023 ఏప్రిల్ 1 నుండి మొదలైన ఆర్థిక సంవత్సరాలకు ఒక ప్రత్యేక నిబంధన వర్తిస్తుంది. ప్రతి వ్యవహారంలో జరిగిన ప్రతి మార్పునూ తేదీతో సహా సాఫ్ట్‌వేర్ తనంతట తాను నమోదు చేయాలి; ఆ నమోదును ఎవరూ నిలిపివేయడానికి వీలు ఉండకూడదు. ఇది పాటించబడిందో లేదో ఆడిటరు తన నివేదికలో పేర్కొనాలి. ఎలక్ట్రానిక్ పుస్తకాల ప్రతిని ప్రతిదినం భారతదేశంలోనే ఉన్న సర్వరులో భద్రపరచాలి. పుస్తకాలను 8 ఆర్థిక సంవత్సరాల పాటు నిలుపుకోవాలి. వీటికి తోడు ఉత్పత్తిదారుల కంపెనీకి చార్టర్డ్ అకౌంటెంటు ద్వారా అంతర్గత ఆడిట్ కూడా తప్పనిసరి.

పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం, 1995 కింద నమోదైన సంస్థలకు కంపెనీల చట్టంలోని ఈ నిబంధనలు నేరుగా వర్తించవు. అందువలన ఒక సంస్థకు తగిన సాఫ్ట్‌వేర్ పక్క మండలంలోని మరొక సంస్థకు తగకపోవచ్చు. సలహా ఇచ్చే ముందు నమోదు పత్రాన్ని చూడటం మొదటి పని.

అందుబాటులో ఉన్న మార్గాలు

జి.ఎన్.యు. క్యాష్ 1998 నుండి వాడుకలో ఉన్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. జంటపద్దు విధానాన్ని కచ్చితంగా పాటిస్తుంది. కొనుగోలుదారుల, సరఫరాదారుల ఖాతాలు, బిల్లులు, పన్ను పట్టికలు ఇందులో ఉన్నాయి. తక్కువ సామర్థ్యం గల యంత్రంపై ఇంటర్నెట్ లేకుండానే నడుస్తుంది. అయితే సరుకు నిల్వల నిర్వహణ ఇందులో లేదు. ఒకేసారి ఇద్దరు కూర్చుని రాయడానికి వీలులేదు. మార్పుల వివరాలను ప్రత్యేక లాగ్ ఫైళ్లలో రాసినప్పటికీ, వాటిని తొలగించడం వాడుకరికి సాధ్యమే. కాబట్టి కంపెనీగా నమోదైన సంస్థకు ఇది సిఫారసు చేయదగినది కాదు. నిల్వలను వేరే రిజిస్టరులో నడిపే చిన్న సహకార సంఘానికి, విద్యార్థులకు జంటపద్దు విధానం నేర్పడానికి ఇది చక్కగా ఉపయోగపడుతుంది.

మేనేజర్ అనే సాఫ్ట్‌వేర్ డెస్క్‌టాప్ కూర్పు లినక్స్‌కు కూడా ఉచితంగా లభిస్తుంది. నిల్వలు, సరఫరాదారుల ఖాతాలు, బిల్లులు ఇందులో ఉన్నాయి. దీని మూలసంకేతం బహిరంగం కాదు. సమాచారం వాడుకరి కంప్యూటర్‌లోనే ఫైలుగా ఉంటుంది కనుక, మార్పుల నమోదు విషయంలో చట్టపు అవసరం తీరుతుందో లేదో ఆడిటరుతో ముందే నిర్ధారించుకోవాలి.

ఇ.ఆర్.పి. నెక్స్ట్ ముంబయికి చెందిన ఫ్రాపే సంస్థ రూపొందించిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఇది లినక్స్ సర్వరుపై నడుస్తుంది. వాడేవారికి బ్రౌజరు ఉంటే చాలు. నిల్వలు, బ్యాచ్‌లు, గడువు తేదీలు, సరఫరాదారుల వారీ కొనుగోళ్లు అన్నీ ఉన్నాయి. భారతదేశపు జి.ఎస్.టి. అవసరాలకు ప్రత్యేక అనుబంధం లభిస్తుంది. మార్పుల నమోదు సౌకర్యం అందులో భాగం. ఒకసారి సమర్పించిన పత్రాన్ని దిద్దడం కుదరదు, రద్దు చేసి సవరించిన పత్రం రాయాలి. ఈ క్రమశిక్షణ ఆడిట్‌కు మేలు చేస్తుంది. దీని బలహీనత నిర్వహణలో ఉంది. సర్వరును స్థాపించి, నవీకరణలు చేసి, ప్రతులు తీసే మనిషి కావాలి. ఒక్కొక్క సంస్థ విడిగా ఆ భారం మోయడం కష్టం. నాలుగైదు సంస్థలు కలిసి ఒక సర్వరును, ఒక సాంకేతిక నిపుణుని పంచుకుంటే ఖర్చు అందుబాటులోకి వస్తుంది.

వైన్ అనే మధ్యవర్తి సాఫ్ట్‌వేర్ ద్వారా విండోస్ సాఫ్ట్‌వేర్‌లను లినక్స్‌పై నడపడం నాలుగవ మార్గం. ఈ పద్ధతిలో ఈనాడు నడిచినది తరువాతి నవీకరణతో నిలిచిపోవచ్చు. అప్పుడు తయారీదారు నుండి సహాయం ఆశించలేము. పాత లెక్కలను చూసుకోవడానికి తప్ప రోజువారీ పుస్తకానికి ఈ మార్గంపై ఆధారపడరాదు. టాలీ తప్పనిసరి అనుకుంటే, దానిని దూరపు సర్వరుపై నడిపి లినక్స్ యంత్రం నుండి బ్రౌజరు ద్వారా వాడే సేవలు ఉన్నాయి. వాటికి నెలవారీ రుసుము, నిలకడైన ఇంటర్నెట్ అవసరం.

లిబ్రె ఆఫీస్‌లోని క్యాల్క్ పట్టికలతో లెక్కలు రాసే సంస్థలు కూడా ఉన్నాయి. పట్టికలో ఒక గడిని మార్చితే పాత అంకె జాడ లేకుండా పోతుంది. విశ్లేషణకు, నివేదికలకు ఇది మంచి సాధనం. మూల పుస్తకంగా పనికిరాదు.

క్షేత్రస్థాయి ఇబ్బందులు

సాఫ్ట్‌వేర్ కుదిరినా చుట్టూ ఉన్న పరికరాలు కుదరకపోవచ్చు. డిజిటల్ సంతకపు టోకెన్‌కు, బిల్లు ప్రింటరుకు లినక్స్ డ్రైవర్లు ఉన్నాయో లేదో కొనుగోలుకు ముందే చూడాలి. జి.ఎస్.టి. రిటర్నులను బ్రౌజరు ద్వారా పోర్టల్‌లో నేరుగా దాఖలు చేయవచ్చు కనుక అక్కడ అవరోధం తక్కువ.

తెలుగు పేర్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పాత డి.టి.పి. ఫాంట్లలో టైపు చేసిన సభ్యుల జాబితాలు యూనికోడ్‌లో ఉండవు. కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి తెస్తే అర్థంలేని అక్షరాలుగా మారతాయి. ముందుగా జాబితాను యూనికోడ్‌లోకి మార్చి, పట్టాదారు పాసుపుస్తకంలోని పేరుతో సరిచూసి, ప్రతి సభ్యునికి ఒక సంఖ్య కేటాయించాలి. ఒకే గ్రామంలో ఒకే పేరుగల సభ్యులు ఇద్దరుంటే ఈ సంఖ్యే వారి లెక్కలు కలిసిపోకుండా కాపాడుతుంది.

పరీక్షించే విధానం

కొత్త వంగడాన్ని రైతు పొలానికి సిఫారసు చేసే ముందు పోల్చి చూడటం పరిశోధకులకు అలవాటైన పద్ధతి. సాఫ్ట్‌వేర్‌కు కూడా అదే పద్ధతి వర్తిస్తుంది. గత సంవత్సరంలో వ్యాపారం ఎక్కువగా జరిగిన ఒక నెల ఓచర్లను ఎంచుకొని కింది ఐదు పరీక్షలు జరపవచ్చు.

1. నెల ఓచర్లన్నీ నమోదు చేసి, వచ్చిన అంకణాను పాత పుస్తకంతో పోల్చాలి.

2. యాదృచ్ఛికంగా ఎంచుకున్న ఐదుగురు సభ్యుల సరుకు పరిమాణం, చెల్లింపు, నిలిపి ఉంచిన ధర విడివిడిగా వస్తున్నాయో చూడాలి.

3. ఒక పద్దును కావాలని మార్చి, పాత అంకె, కొత్త అంకె, తేదీ, మార్చిన వ్యక్తి వివరాలు నిలిచాయో పరిశీలించాలి. ఆ నమోదును తొలగించడానికి ప్రయత్నించి చూడాలి.

4. భద్రపరచిన ప్రతిని మరొక కంప్యూటర్‌లో తెరవాలి. తెరచి చూడని ప్రతిని ప్రతిగా లెక్కించరాదు.

5. సమాచారమంతటినీ సాధారణ పట్టికల రూపంలో బయటకు తీయగలగాలి. ఈ వీలులేని సాఫ్ట్‌వేర్ ఉచితమైనా తీసుకోరాదు.

ఈ పరీక్షల్లో నెగ్గిన సాఫ్ట్‌వేర్‌ను ఏప్రిల్ 1న ప్రారంభించి, మొదటి త్రైమాసికం పాత పద్ధతితో సమాంతరంగా నడపాలి. ఆ మూడు నెలల్లో ఇద్దరికి శిక్షణ ఇవ్వాలి. ఒక్కరికే తెలిసిన సాఫ్ట్‌వేర్ ఆ ఒక్కరు ఉద్యోగం మానిన రోజున సంస్థకు తాళం వేసిన పెట్టె అవుతుంది. తక్కువ మంది వాడే నిర్వహణ వ్యవస్థలో ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే పక్క ఊరిలో దానిని ఎరిగిన మరొక అకౌంటెంటు దొరకడం కష్టం.

ముగింపు

కంపెనీగా నమోదై, ఉత్పాదకాలు అమ్ముతూ, పంట కొనుగోలు చేసే సంస్థ లినక్స్‌పై ఉండదలిస్తే ఇతర సంస్థలతో కలిసి ఇ.ఆర్.పి. నెక్స్ట్ సర్వరును నడపడం మేలైన మార్గం. పరిమిత వ్యవహారాలు గల సహకార సంఘానికి జి.ఎన్.యు. క్యాష్, దానికి తోడుగా చక్కని నిల్వ రిజిస్టరు సరిపోతాయి. నిర్వహణకు మనిషి దొరకని సంస్థకు ఒక విండోస్ యంత్రం కొని టాలీ వాడటమే చౌక కావచ్చు. అప్పుడు ఆ సలహా ఇవ్వడానికి శాస్త్రవేత్త సంకోచించనవసరం లేదు. ఏ మార్గం ఎంచుకున్నా ఒక ప్రమాణం మారదు: వార్షిక సర్వసభ్య సమావేశంలో ఏ సభ్యుడైనా లేచి తాను ఇచ్చిన సరుకెంత, తనకు రావలసినదెంత అని అడిగితే పుస్తకం ఆ క్షణమే అంకెలతో జవాబు చెప్పగలగాలి.