పొలములో తీసిన వీడియోను కూర్చుట – క్రొత్తగా నేర్చువారికి సూచనలు

నేడు పలువురి చేతిలో సెల్‌ఫోను ఉన్నది, అందులో కెమెరా ఉన్నది. మంచి పైరు కనబడినను, తెగులు కనబడినను వెంటనే వీడియో తీయుచున్నారు. కాని తీసినది తీసినట్లే పదిమందికి పంపినచో చూచువారికి విసుగు పుట్టును, అసలు విషయము మరుగున పడును. తీసిన దానిలో పనికివచ్చు భాగములను ఏరి, వరుసగా పేర్చి, మాటను వ్రాతను చేర్చుటయే ఎడిటింగు. ఇది ధాన్యమును తూర్పారబట్టుట వంటి పని. తాలు పోవలెను గాని, దానితో గింజ పోరాదు.

మనవారు నేర్చిన విధము

ఇది పట్టణవాసులకే చేతనగు విద్య అని జంకనక్కరలేదు. సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతములోని పస్తాపూరు కేంద్రముగా పనిచేయు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని దళిత మహిళా రైతులు కెమెరా పట్టుటను, వీడియో కూర్చుటను నేర్చుకొనిరి. వారిలో పలువురు బడికి పోయి చదువుకొన్నవారు కారు. వారి కమ్యూనిటీ మీడియా ట్రస్టు 2001లో ఏర్పడినది. 2002లో బీటీ పత్తి మన దేశములో మొదటిసారి అనుమతి పొంది సాగులోనికి వచ్చినప్పుడు, వారు వరంగల్లు ప్రాంతపు పొలములకు పలుమార్లు పోయి, రైతుల అనుభవములను చిత్రించి, 2003లో ఒక చిత్రముగా కూర్చిరి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన మై విలేజ్ షో ద్వారా పొలము పనులు చేసుకొను గంగవ్వ రాష్ట్రమంతటికి పరిచితురాలైనది. వీరి నుండి మనము గ్రహించవలసినది ఒక్కటే. ఖరీదైన పరికరముకన్న, ఒకే పొలమునకు మరల మరల పోయి తీయు ఓపిక ముఖ్యము.

మొదట ఒక చిన్న విషయము

ఒక వీడియోలో ఒకే విషయము చెప్పవలెను. దంప నారుమడికి వరి విత్తనశుద్ధిని తీసుకొందము. లీటరు నీటికి 1 గ్రాము కార్బెండజిమ్ కలిపి, ఆ మందు నీటిలో కిలో విత్తనమును 24 గంటలు నానబెట్టి, పిమ్మట 24 గంటలు మండె కట్టవలెను. ఈ పనికి రెండు దినములు పట్టును. చూచువారికి రెండు నిమిషములలో అర్థము కావలెను. ఎడిటింగు వలన కలుగు లాభము ఇదియే.

తీయుటకు ముందు కాగితముపై దృశ్యములను వ్రాసికొనుడు: విత్తనము తూచుట, నీరు కొలుచుట, చేతి తొడుగులతో మందు తూచి కలుపుట, నానబెట్టుట, మండె కట్టుట, మొలక. ఒక్కొక్క దృశ్యమును ఫోను కదలకుండ 10 సెకనులు తీసిన చాలును. టెలివిజనులోను కంప్యూటరులోను చూపదలచినచో ఫోనును అడ్డముగా పట్టవలెను. గాలి హోరు మాటను మ్రింగివేయును గనుక, మాటను ఇంటిలో వేరుగా రికార్డు చేసి పిమ్మట చేర్చుట మేలు.

కావలసిన సాధనములు

మొదట ఫోనే చాలును. యూట్యూబ్ క్రియేట్, కైన్‌మాస్టర్ వంటి ఆప్‌లతో ప్రారంభించవచ్చును. కొన్ని ఆప్‌ల ఉచిత రకము వీడియోపై తన ముద్ర వేయును. కంప్యూటరు ఉన్నవారికి షాట్‌కట్, ఓపెన్‌షాట్, కేడెన్‌లైవ్ అను సాఫ్టువేర్లు ఉచితముగా లభించును. డావిన్సీ రిజాల్వ్‌కు కూడ ఉచిత రకము ఉన్నది గాని, దానికి బలమైన కంప్యూటరు కావలెను. క్రొత్తవారు దాని జోలికి పోనక్కరలేదు.

కంప్యూటరు కొనదలచినవారు సికింద్రాబాదు స్టేషనులో దిగినచో, స్టేషను ప్రక్కనే రెజిమెంటల్ బజార్ ఉన్నది. అచ్చటికి కొలది దూరములో పార్కు లేనులోని చినాయ్ ట్రేడ్ సెంటరు కంప్యూటరు అంగళ్లకు పేరుపొందినది. వాడిన కంప్యూటరును కొనునప్పుడు ర్యాము 8 జీబీకి తక్కువ లేకుండ, ఎస్‌ఎస్‌డి డిస్కు ఉండునట్లు చూచుకొనుడు. మీరు తీసిన వీడియోను వెంట తీసికొనిపోయి, అంగడిలోనే దానిని నడిపించి, ఆగక ఆడినచో సొమ్ము చెల్లించుడు. ఎద్దును కొనువాడు నడిపించి చూడకుండ కొనడు గదా!

కూర్చు విధము

1. ఒక ఫోల్డరు చేసి, తీసిన దృశ్యములన్నిటిని అందులో ఉంచి, తేది, ఊరు, పైరు పేరుతో గుర్తు పెట్టుడు. 1080 నాణ్యతలో తీసిన వీడియో నిమిషమునకు సుమారు 60 నుండి 130 మెగాబైట్ల చోటు పట్టును. తగిన చోటు ముందే చూచుకొనవలెను.

2. సాఫ్టువేరులో క్రొత్త ప్రాజెక్టు తెరచి, దృశ్యములను టైమ్‌లైను అను పట్టీపై వరుసగా పేర్చుడు.

3. ప్రతి దృశ్యమునకు మొదట చివర ఉండు పనికిరాని భాగమును కత్తిరించుడు. పూర్వము ఫిల్మును నిజముగా కోసి అతికించెడివారు. ఇప్పుడు అట్లు కాదు. సాఫ్టువేరు ఏ భాగము చూపవలెనో గుర్తుంచుకొనును గాని, అసలు ఫైలును ముట్టదు. కావున భయపడక ప్రయత్నించవచ్చును. పని ముగియకముందు అసలు ఫైళ్లను తీసివేసినను, వేరొక చోటికి మార్చినను టైమ్‌లైనులో దృశ్యము కనబడదు.

4. మాటను చేర్చి, దానికి తగినట్లు దృశ్యములను జరుపుడు.

5. కాలము గడిచిన చోట “24 గంటల పిమ్మట” అని వ్రాత వేయుడు. వ్రాతను నెమ్మదిగా రెండుసార్లు చదువుటకు పట్టునంత సేపు ఉంచవలెను.

6. చివరకు ఎక్స్‌పోర్టు చేసి, ఎమ్‌పి4 ఫైలుగా భద్రపరచుడు.

కొన్ని సాఫ్టువేర్లలో తెలుగు ఒత్తులు విడిపోయి అక్షరము చెడును. అట్టి చోట నోటో సాన్స్ తెలుగు, రామభద్ర వంటి ఉచిత యూనికోడ్ ఫాంటును ఎన్నుకొని చూడుడు. అప్పటికి కుదరనిచో ఆ సాఫ్టువేరును మార్చుట మంచిది. సినిమా పాటను చేర్చినచో హక్కుదారులు అభ్యంతరము చెప్పుదురు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత సంగీతము దొరకును. మందు మోతాదు చెప్పుచోట సంగీతము లేకుండుటయే మేలు.

కత్తిరించరానివి

వీడియో చిన్నది కావలెనను తొందరలో కొందరు అవసరమైన మాటను కోసివేయుదురు. పైన చెప్పిన ఉదాహరణనే చూడుడు. లీటరు నీటికి 1 గ్రాము అనునది దంప నారుమడికి. మెట్ట నారుమడికైతే కిలో విత్తనమునకు 3 గ్రాములు పొడిగా పట్టించవలెను. “దంప” అను ఒక్క మాట కత్తెరకు పోయినచో, చూచిన రైతు ఏ మోతాదు వాడవలెనో తెలియక పొరబడును. మన వీడియో చూచి పొరబడినవాని నారుమడి చెడినచో మరల విత్తుటకు అదను మిగులకపోవచ్చును. కనుక ఈ క్రింది వానిని ఎన్నడును తీసివేయకుడు: పైరు, నేల, కాలము, మోతాదు, దాని కొలత, మందు వాడునప్పటి జాగ్రత్తలు, వీడియో తీసిన తేది, ఊరు. మోతాదును మాటతో చెప్పి, వ్రాతతో కూడ చూపుడు. బయటికి పంపుటకు ముందు కృషి విజ్ఞాన కేంద్రము వారికిగాని, వ్యవసాయ విస్తరణాధికారికిగాని చూపి సరిచేసికొనుడు.

ఒక పొలములోని ఎండిన పైరును, మరియొక పొలములోని పచ్చని పైరును ప్రక్కప్రక్కన పేర్చి “ముందు, తరువాత” అని చూపుట మోసము. విఫలమైన చోటును కూడ చూపిన వీడియోనే తోటి రైతు నమ్మును.

మరియొక ముఖ్య విషయము. విత్తనము మొలకెత్తకపోయినను, వడగండ్లకు పంట నష్టపోయినను సాక్ష్యముగా తీసిన వీడియోను ఎడిటు చేయకుడు. అసలు ఫైలును అట్లే వేరొక మెమరీ కార్డులో దాచి, విత్తనపు సంచిని, బిల్లును కూడ భద్రపరచుడు. ఒక్క సెకను కత్తిరించినను ఎదుటివారు దానిని శంకించుటకు చోటు దొరకును.

ఈ వారమే రెండు నిమిషముల వీడియో నొకటి కూర్చి, ముందుగా మీ ఇంటివారికి చూపుడు. చూచిన పిమ్మట వారు ఆ పనిని, మోతాదుతో సహా, తిరిగి చెప్పగలిగిన యెడల మీ ఎడిటింగు సరిగా కుదిరినదని తెలిసికొనుడు. చెప్పలేనిచో ఏ మాట లోపించినదో వారినే అడిగి, మరల కూర్చుడు.