దాగివున్న గుండుకు తుప్పు పట్టకుండా

బంగారుపేటలోను, రాబర్ట్‌సన్‌పేటలోను, కోలారులోను వున్న మన కుటుంబాలలో అనేకుల పిల్లలు పై దేశాలలో వున్నారు. వారి దగ్గర నాలుగు నెలలుండి వచ్చిన పెద్దలు చెప్పే విశేషాలలో కారు తోక కూడ ఒకటి. మీట నొక్కగానే, లేక పిడి లాగగానే, వెనుక బంపరు కింద నుండి వంకర తిరిగిన ఉక్కు కమ్మీ బయటికి వస్తుంది. దాని కొసన పెద్ద నిమ్మకాయంత గుండు వుంటుంది. ఆ గుండుకు ట్రైలరు తగిలించి సామాను లాక్కొని పోతారు; సైకిళ్ళు మోసే చట్రాన్ని బిగిస్తారు. పని తీరిన తరువాత తోస్తే అది మరల బంపరు చాటుకు పోయి దాక్కుంటుంది. టో బాల్ అని దాని పేరు. జర్మనీ, హాలెండు, ఇంగ్లండు దేశాలలో ఇది సామాన్యమే. మన వైపు కార్లకు అరుదు.

అరుదైనదానిని గురించి మన పత్రికలో ఎందుకని కొందరడగవచ్చు. గుండు మనకు కొత్తగాని, తుప్పు కొత్త కాదు. టమాటాలు నింపిన ట్రైలరును ట్రాక్టరుకు తగిలించి కోలారు మార్కెట్టుకు తోలే రైతుకైనా, పై దేశంలో కారు నడిపే మన అబ్బాయికైనా చిక్కు ఒకటే. వెనుక వచ్చే బరువంతా ఒక్క ఇనుప ముక్కను నమ్ముకొని వస్తున్నది. అది ఊడినట్లయితే ట్రైలరు ఎవరి మీదికి పోతుందో చెప్పలేము.

ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు, ఈ మూడూ కలిస్తే తుప్పు. ఉప్పు తోడైతే వేగం హెచ్చుతుంది. చలి దేశాలలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. చక్రాలు ఆ ఉప్పునీటిని బంపరు కిందికే చిమ్ముతాయి. ఎప్పుడూ బయటనే వుండే గుండును యజమాని రోజూ చూస్తాడు, మరక కనబడితే తుడుస్తాడు. లోపలికి ముడుచుకునేదాని సంగతి వేరు. దాని కీలులోను, బీగం పడే చోటను బురద చేరుతుంది, తడి ఆరదు, ఎవరూ కదిలించరు. ఆరు నెలల తరువాత అవసరం వచ్చి లాగితే సగం వచ్చి ఆగిపోతుంది. ఆగిపోవడం ఒక విధంగా మేలే. బయటికి వచ్చి, చూపుకు సరిగానే వుండి, లోపల బీగం పడకపోవడమే అసలు అపాయం.

కనబడని చోట తుప్పు ఎంత చేటో బంగారు గనుల వారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఛాంపియన్ రీఫ్ గని సుమారు 3,200 మీటర్ల లోతుకు పోయినది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేవరకు మనుషులను దింపినవీ, పైకి తెచ్చినవీ ఉక్కు తీగల మోకులే. అటువంటి మోకుకు పైన గ్రీజు నిగనిగలాడుతున్నా, నడుమ తడి చేరి లోపలి పోగులు తినివేయబడవచ్చును. అందులోను మనుషులెక్కే బోనుకు బిగించిన కొస దగ్గర భయం ఎక్కువ. అందుచేతనే నియమిత కాలానికొకసారి ఆ కొసను కోసివేసి, తీగలు విప్పి పరీక్షించి, మోకును తిరిగి బిగించే పద్ధతి గనులలో ఏర్పడినది. పైమెరుపును నమ్మక లోపల చూడడమన్నమాట. కారు గుండుకు కోత అక్కరలేదుగాని, ఆ చూపు మాత్రం కావాలి.

మోకుకు గ్రీజు మేలు చేసినది గనుక గుండు కీలుకు కూడ దండిగా గ్రీజు కూరితే సరిపోతుందని కొందరి నమ్మకం. మేము దీనిని ఒప్పుకోము. గనుల దగ్గర సయనైడు దిబ్బల మీది సన్నని దుమ్ము గాలికి లేచి ఇళ్ళలోకి వచ్చే సంగతి అక్కడివారికి తెలిసినదే. బయటికి తెరిచివున్న కీలులో జిగురు గ్రీజు వుంటే ఇటువంటి దుమ్ము దానికి అంటి, సానబట్టే ముద్ద తయారవుతుంది. అది ఇనుమును అరగదీస్తుంది, ఆపైన తడిని కూడ పట్టివుంచుతుంది. (సర్వీసు షెడ్డులలో ‘గ్రీజు కొట్టడమైనది’ అని చీటీ మీద వ్రాస్తారు; ఎక్కడ కొట్టినదీ వ్రాయరు.)

ఇనుప పెనాన్ని కడిగి, పొయ్యి మీద ఆర్చి, నూనెగుడ్డతో తుడిచిపెట్టే ఇల్లాలికి ఈ విద్య అంతా తెలుసు. మొదట గుండును పూర్తిగా బయటికి తీసి, మామూలు నీటితో, మెత్తని బ్రష్షుతో ఉప్పు, బురద పోయేటట్లు కడగాలి. జోరుగా చిమ్మే నీటి పంపును కీలు మీదికి పట్టరాదు. అది బురదను ఇంకా లోపలికి తోస్తుంది. తరువాత పూర్తిగా ఆరనివ్వాలి. తడి మీద నూనె పూయడం, తడిని లోపల పెట్టి మూత వేయడమే. ఆరిన తరువాత కదిలే చోట్ల పలుచని నూనె కొద్దిగా వేసి, గుండును రెండు మూడుసార్లు లోపలికీ బయటికీ ఆడించి, మిగులు నూనె తుడిచివేయాలి. కొన్ని కీళ్ళు ఫ్యాక్టరీలోనే మూసి వస్తాయి. వాటికి నూనె వద్దని కారుతో ఇచ్చిన పుస్తకంలో వుంటే ఆ మాటే వినాలి.

డబ్ల్యు.డి.-40 అనే డబ్బా మందును చాలామంది అన్నిటికీ వాడుతున్నారు. 1953లో అమెరికాలో శాన్‌డియేగో నగరంలో తయారైనది. నీటిని తరిమే మందు నలభయ్యవ ప్రయత్నానికి కుదిరినది గనుక ఆ పేరు. మొదట అట్లాస్ రాకెట్ల పై తొడుగుకు తుప్పు పట్టకుండా వాడారు. తడిని తరమడానికి, బిగిసినదానిని వదల్చడానికి అది మంచిదేగాని, ఎక్కువ కాలం నిలిచే నూనె కాదు. అది చల్లి తుడిచిన తరువాత అసలు నూనె వేయవలసిందే.

కమ్మీ మీద తుప్పు మరకలు పుట్టితే ఉప్పుకాగితంతో రుద్ది, తుప్పును మార్చే ద్రవం పూసి, రంగు వేయవచ్చును. గుండుకు, బీగం పడే చోటుకు రంగు వేయరాదు. కమ్మీ గుంటలు పడేటంతగా తిన్నట్లయితే వెల్డింగు పెట్టించడం తప్పు; మార్చవలసిందే.

ఇక గుండు. యూరపులో దాని అడ్డుకొలత 50 మిల్లీమీటర్లు. అరిగి 49కి దిగితే పనికిరాదని లెక్క. సామాన్య ట్రైలరుకైతే గుండుకు గ్రీజు పలుచగా పూస్తారు. కారవాను అనే ఇల్లుబండి ఊగకుండా రాపిడితో పట్టుకునే కొక్కెం వున్నచోట మాత్రం గ్రీజు బొత్తిగా కూడదు. గుండు పొడిగా, శుభ్రంగా వుండాలి. గ్రీజు వుంటే పట్టు జారుతుంది.

ట్రైలరు లాగనప్పుడు బయట వుండే గుండుకు ప్లాస్టిక్ టోపీ పెడతారు. పాత టెన్నిసు బంతికి గాటు పెట్టి తొడిగేవారూ వున్నారు. వారానికొకసారి దానిని తీసి లోపలి చెమ్మను తుడవడం మరవరాదు. ముడుచుకునే గుండుకు టోపీ తీయకుండా లోపలికి తోస్తే ఇరుక్కుంటుంది. లాగే పని లేకపోయినా నెలకొకసారి దానిని బయటికి తీసి పెట్టమని అబ్బాయికి ఫోనులో చెప్పవచ్చును.

మన ట్రాక్టర్లకు గుండు బదులు పిన్ను వుంటుంది. సెప్టెంబరు, అక్టోబరు వానలలో పిన్నును రంధ్రంలోనే వదిలివేసే అలవాటు వున్నది. వాన వెలిసిన రోజున దానిని బయటికి లాగి, తుడిచి, నడుమ అరిగి సన్నబడినదేమో చూడాలి. అడుగున కొస చీల వున్నదో లేదో కూడ చూచి, ఆ తరువాతనే టమాటా పెట్టెలు ఎక్కించాలి.