గొర్రెలలో ఉన్ని, వెంట్రుకలు రాలుట : మేతలో వెదకవలసిన కారణాలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఎర్రచల్కా భూములలో వర్షాధార వ్యవసాయానికి గొర్రెల పెంపకం తోడునీడగా ఉన్నది. నల్లని ముతక ఉన్నినిచ్చే దక్కని గొర్రెతో పాటు ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెలు కూడ ఇచ్చట మందలలో కనిపిస్తాయి. మందలో వెంట్రుకలు రాలుట కనిపించగానే గజ్జి అని భావించి మందు వేయించుట పరిపాటి. కారణం మేతలో ఉన్నపుడు ఆ ఖర్చు వృథా అగుటయే గాక, హాని కొనసాగుతుంది.

గుర్తించు విధానం

గజ్జి, పేలు, పిడుదులు ఉన్న గొర్రె చెట్లకు, దడులకు ఒంటిని రుద్దుకొంటుంది. చర్మంపై పొక్కులు, పెచ్చులు ఏర్పడతాయి. తామరలో గుండ్రని మచ్చలు కనిపిస్తాయి. జింక్ లోపంలో చర్మం మందమై, పగిలి, గాయాలు త్వరగా మానవు. ఇట్టి లక్షణాలేవీ లేక, దురద లేకుండ, ఉన్ని కుచ్చులుగా ఊడి, అడుగున చర్మం నున్నగా ఉన్నచో ముందుగా సుబాబుల్ మేతను అనుమానించవలెను.

ఫ్లోరైడ్ అధికంగా ఉన్న గ్రామాలలో ప్రతి రుగ్మతను నీటికి అంటగట్టుట సరికాదు. ఫ్లోరైడ్ ప్రధానంగా దంతాలను, ఎముకలను దెబ్బతీస్తుంది. దంతాలు అరిగి మేత నమలలేక పశువు చిక్కిపోయినపుడు వెంట్రుకల నిగారింపు తగ్గవచ్చును.

సుబాబుల్‌లోని మైమోసిన్

సుబాబుల్ ఆకులో మాంసకృత్తులు సమృద్ధిగా ఉన్నవి. వేసవి కరవులో అది విలువైన మేత. అయితే లేత చిగుళ్లలో అధికంగా ఉండే మైమోసిన్ అను అమైనో ఆమ్లం వెంట్రుక కుదుళ్లలో కణ విభజనను అడ్డగిస్తుంది. అలవాటు లేని గొర్రెలకు కేవలం ఈ ఆకునే మేపినచో ఒకటి రెండు వారాలలోనే ఉన్ని ఊడుతుంది. నెమరువేయు జంతువుల పొట్టలో మైమోసిన్ డి.హెచ్.పి.గా మారుతుంది, ఇది దీర్ఘకాలంలో థైరాయిడ్ గ్రంథిని వాపజేస్తుంది. 1980వ దశకంలో హవాయి మేకల పొట్ట నుండి సేకరించిన సూక్ష్మజీవులను ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించగా ఈ విషప్రభావం తొలగినది. ఆ బ్యాక్టీరియాకు సినర్జిస్టిస్ జోన్సీ అని పేరిడిరి. నెమరువేయని కుందేళ్లు, పందులు మైమోసిన్‌కు మరింత సులువుగా లోనవుతాయి.

సూచనలు

• సుబాబుల్ ఆకు మొత్తం మేతలో మూడవ వంతుకు మించరాదు. కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను.
• జొన్న చొప్ప, వేరుశనగ కట్టె, కంది పొట్టు, స్టైలో కలిపి ఇవ్వవలెను. ఆకును ఎండబెట్టిన మైమోసిన్ కొంత తగ్గును గాని పూర్తిగా పోదు.
• ఉన్ని రాలుట ఆరంభమైనచో సుబాబుల్‌ను నిలిపివేయవలెను. సాధారణంగా ఉన్ని తిరిగి వస్తుంది.
• దురద, పెచ్చులు ఉన్నచో చర్మపు గీకుడు నమూనాను పశువైద్యునిచే పరీక్ష చేయించిన తరువాతనే మందు వాడవలెను.

విస్తరణ కార్యకర్తలు గట్లపై సుబాబుల్ పెంపకాన్ని ప్రోత్సహించునపుడు, ఆకును ఎంత మేపవలెనో కూడ అదే పూట రైతుకు తెలుపుట అవసరం. గ్రాసపు మొక్కను సిఫారసు చేయుటతో మన బాధ్యత ముగియదు. అది పశువు పొట్టలో ఏమగునో తెలిసినపుడే ఆ సిఫారసు సంపూర్ణమగును.