ప్రవర్తన మందులు వాడే పిల్లలు - సైడ్ ఎఫెక్ట్లు వస్తే ఏమి చేయాలి?



మీ బాబు ఒకచోట కూర్చోలేక, చెప్పింది వినలేక బడిలో రోజూ దెబ్బలు తింటుంటే, పరీక్షించిన డాక్టరుగారు ఏ.డి.హెచ్.డి. అని చెప్పి మందు రాసి ఉండవచ్చు. లేదా ఆటిజం ఉన్న మీ పాప తల గోడకేసి కొట్టుకోవడం, ఎదుటివారిని కొరకడం ఎక్కువై మందు మొదలుపెట్టి ఉండవచ్చు. చీటీ తీసుకొని ఇంటికి వెళ్ళేటప్పుడు అందరూ ధైర్యంగానే ఉంటారు. నాలుగు రోజులు గడిచేసరికి పిల్లవాడు అన్నం పళ్ళెం పక్కకు నెట్టేస్తాడు, లేదా బడిలో బల్లమీదే తల వాల్చి నిద్రపోతాడు. అప్పుడు ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది. "పసివాడికి పిచ్చిమందులు పోస్తారా?" అని నాయనమ్మ అంటుంది. "ముందు ఆపేయండి, తరువాత చూద్దాం" అని మేనమామ అంటాడు. తండ్రి ఏమీ మాట్లాడడు. చివరకు తల్లి ఎవరికీ చెప్పకుండా బిళ్లను సగం విరిచి వేస్తుంది, లేదా రోజు విడిచి రోజు వేస్తుంది. తరువాతి నెల ఓ.పి.కి వచ్చినప్పుడు మాత్రం "వేస్తున్నామండీ" అంటారు. మందు చాలడం లేదనుకొని డాక్టరుగారు మోతాదు పెంచుతారు. పెంచిన బిళ్లను ఆ రాత్రి ఇంట్లో పూర్తిగా వేస్తే పిల్లవాడికి ఎలా ఉంటుందో ఆలోచించండి.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పొరపాటు ఇంకొకటి ఉంది. "మందన్నాక అంతే" అని ఊరుకొని, నిక్కరు నడుము జారిపోయేంతగా పిల్లవాడు చిక్కిపోయినా చెప్పకపోవడం. రెండింటిలోనూ నష్టపోయేది పిల్లవాడే. ఈ మందుల వల్ల వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం వేసే వేళ మార్చితే, తిండి మార్చితే, మోతాదు కొద్దిగా సర్దితే తగ్గేవే. అయితే ఆ సర్దుబాటు చేసే డాక్టరుగారికి ఏ వేళకు ఏమి జరుగుతున్నదో తెలియాలి. అది చూసేది మీరే, చెప్పవలసిందీ మీరే.

అందుకని మందు మొదలుపెట్టిన రోజే ఒక చిన్న నోటుబుక్కు తీయండి. మొదటి పేజీలో పిల్లవాడి బరువు, ఎత్తు రాయండి. మందుకు ముందు ఎంత తినేవాడు, ఎన్నింటికి పడుకునేవాడు, కడుపునొప్పి, తలనొప్పి అనేవాడా, కళ్ళు ఆర్పడం, భుజాలు ఎగరేయడం వంటి అలవాట్లు ఉన్నాయా, ఇవి కూడా రాయండి. ఈ మొదటి పేజీ చాలా ముఖ్యం. ముందునుంచీ రాత్రి పదకొండింటిదాకా పడుకోని పిల్లల నిద్రను కూడా తరువాత మందు ఖాతాలో వేసేస్తుంటారు.

మందు పేరు కూడా అందులోనే రాసుకోండి. "చిన్న తెల్ల బిళ్లండీ" అంటే ఎవరికీ అర్థం కాదు. ప్రవర్తనకు వాడే మందులన్నీ ఒకటి కావు. ఒకటి ఆకలిని చంపుతుంది, ఇంకొకటి ఆకలిని పెంచుతుంది. ఒకటి నిద్ర పట్టనివ్వదు, ఇంకొకటి పగలే నిద్ర తెస్తుంది. కాబట్టి పక్కింటి పిల్లవాడికి జరిగింది మీ పిల్లవాడికి లెక్క కాదు.

మిథైల్‌ఫెనిడేట్

ఏ.డి.హెచ్.డి.కి ఎక్కువగా వాడే మందు ఇది. 1950ల నుంచి వాడకంలో ఉంది. సాధారణ బిళ్ల అరగంటలో పని మొదలుపెట్టి సుమారు 4 గంటలు ఉంటుంది. నెమ్మదిగా విడుదలయ్యే రకం 8 నుంచి 12 గంటలు ఉంటుంది (ఈ రకం బిళ్లను నూరకూడదు, నమలనివ్వకూడదు). ఈ గంటల లెక్క మీకు తెలిస్తే సగం సమస్యలు మీరే అర్థం చేసుకోగలరు.

అందరికంటే ముందు కనిపించేది ఆకలి లేకపోవడం. మా దగ్గరకు వచ్చే తల్లులు చెప్పే మాట ఒకటే: "సిస్టరుగారూ, క్యారేజీ ఎలా పంపానో అలాగే తిరిగి తెస్తున్నాడు. కొట్టినా తినడం లేదు." కొట్టవద్దమ్మా. మధ్యాహ్నం వేళకు మందు పూర్తి బలంగా ఉంటుంది, వాడికి నిజంగానే ఆకలి వేయదు. ఉదయం బిళ్లకు ముందు ఏం పెడుతున్నారని అడిగితే, చాలామంది "లేవగానే బిళ్ల, తరువాత టిఫిన్" అంటారు. దీన్ని తిరగేయండి. ముందు కడుపునిండా టిఫిన్, ఆ తరువాత బిళ్ల. రెండు ఇడ్లీలతో సరిపెట్టకుండా నెయ్యి వేసిన పెసరట్టో, గుడ్డో, పాలో కూడా ఇవ్వండి. మధ్యాహ్నం కొంచెమే తిన్నా సరే, రెండు ముద్దలు పెరుగన్నం, ఒక అరటిపండు చాలు. మందు దిగిపోయే సాయంత్రం వేళ ఆకలి ఒక్కసారిగా తిరిగి వస్తుంది. ఆ సమయంలో చేతికి బిస్కెట్ల పొట్లం ఇవ్వకండి. అన్నమే పెట్టండి, లేదా పల్లీపట్టీ, ఉడికించిన శనగలు, పాలు పెట్టండి. మళ్ళీ ఎనిమిదింటికి రాత్రి భోజనం. మూడు పూటల లెక్క పక్కన పెట్టి, ఆకలి ఉన్న వేళకే తిండి ఎక్కువ పెట్టడం ఇక్కడి కిటుకు.

ఎదుగుదల ఆగిపోతుందా అన్నది అందరి భయం. ఆ భయం ఉత్తదేమీ కాదు, అలాగని ఊహించుకున్నంత పెద్దదీ కాదు. అమెరికాలో 579 మంది ఏ.డి.హెచ్.డి. పిల్లలతో పెద్ద పరిశోధన జరిగింది. వారిలో కొత్తగా మందు మొదలుపెట్టి వాడుతూ వచ్చిన పిల్లలు మూడేళ్ళకు, మందు వాడనివారికంటే సగటున 2 సెంటీమీటర్ల ఎత్తు, 2.7 కిలోల బరువు తక్కువగా ఉన్నారని 2007లో ప్రకటించారు. అందుకే చిన్నపిల్లలకు మూడు నెలలకొకసారి బరువు, ఆరు నెలలకొకసారి ఎత్తు చూడాలి. బరువు ఎప్పుడూ ఒకే తూకం మిషనుమీద, చెప్పులు విప్పి చూడండి. కిరాణాకొట్లో ఒకసారి, ఆసుపత్రిలో ఒకసారి తూస్తే ఆ తేడాకు అర్థం ఉండదు. రెండుసార్లు వరుసగా తగ్గితే తరువాతి తేదీ వరకు ఆగకుండా రండి.

నిద్ర విషయం. బిళ్లను ఆలస్యంగా వేస్తే రాత్రి నిద్ర పట్టదు. మరిచిపోయిన మధ్యాహ్నం బిళ్లను సాయంత్రం ఆరింటికి వేసేవారున్నారు, అలా చేయవద్దు. ఆ పూటకు వదిలేసి మరునాడు మామూలుగా వేయండి. తలనొప్పి, కడుపునొప్పి సాధారణంగా మొదటి వారం, రెండు వారాల్లో తగ్గిపోతాయి. కడుపులో తిండి ఉంటే అవీ తక్కువే.

సాయంత్రం ఐదింటికి ఏడుపు, విసురు, అకారణ కోపం కనిపిస్తే అది మందు దిగిపోతున్న సమయం కావచ్చు. ఆ గంటసేపు హోంవర్కు పెట్టుకోకండి. తిండి పెట్టి ఆడుకోనివ్వండి. రోజూ అదే వేళకు వస్తుంటే నోటుబుక్కులో రాసి చూపించండి, మందు వేళలు సర్దుతారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కొందరు పిల్లలు మందు వేశాక మరీ నిశ్శబ్దమైపోతారు. నవ్వరు, ఆడరు, ఒకచోట బొమ్మలా కూర్చుంటారు. "ఇప్పుడు బుద్ధిగా ఉంటున్నాడు" అని టీచరు మెచ్చుకుంటారు, ఇంట్లోవారూ సంతోషిస్తారు. అది బుద్ధి కాదు, చాలాసార్లు మోతాదు ఎక్కువైందని గుర్తు. మందు సరిగ్గా కుదిరితే పిల్లవాడు తన అల్లరి, తన నవ్వు ఉంచుకొనే చెప్పింది వినగలుగుతాడు. పెద్దలకు సుఖంగా ఉంది కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయని సైడ్ ఎఫెక్టు ఇది. దయచేసి దీన్ని తప్పక చెప్పండి.

ఈ మందు గుండె వేగాన్ని, రక్తపోటును కొద్దిగా పెంచుతుంది. మీ వంశంలో చిన్న వయసులోనే ఉన్నట్టుండి చనిపోయినవారు ఉంటే, పిల్లవాడికి గుండె జబ్బు ఉంటే మందు మొదలుపెట్టకముందే చెప్పాలి. జలుబు చేస్తే ఆర్.ఎం.పి. దగ్గరో, మందుల షాపులోనో ఏదో ఒక సిరప్పు పోయించకండి. ముక్కు దిబ్బడకు ఇచ్చే కొన్ని మందులు దీనితో కలిస్తే గుండెదడ, చిరాకు పెరుగుతాయి.

రిస్పెరిడోన్

ఆటిజం ఉన్న పిల్లల్లో తీవ్రమైన కోపానికి, తమను తాము గాయపరచుకోవడానికి ఈ మందు ఇస్తారు. అమెరికా ప్రభుత్వ మందుల సంస్థ 2006లో 5 నుంచి 16 ఏళ్ళ పిల్లలకు దీన్ని అనుమతించింది. చాలా ఇళ్ళల్లో ఇది శాంతి తెచ్చిన మాట నిజం. అయితే దీని ఆకలి వేరే రకం. 2002లో ప్రచురితమైన 101 మంది పిల్లల పరిశోధనలో, ఎనిమిది వారాల్లోనే ఈ మందు వాడినవారు సగటున 2.7 కిలోలు పెరిగారు, ఉత్తుత్తి బిళ్ల వాడినవారు 0.8 కిలో పెరిగారు. "మందు పడింది, బిడ్డ ఒళ్ళు చేశాడు" అని మురిసిపోయే అమ్మమ్మలకు ఈ అంకెలు చూపించండి. ఈ బరువుతో షుగరు, కొవ్వు కూడా పెరగవచ్చు. అందుకే రక్తపరీక్షలు రాస్తారు. డబ్బు దండగ అని వాటిని ఎగ్గొట్టవద్దు.

తిండి తగ్గించమంటే పిల్లవాడిని పస్తు ఉంచమని కాదు. కూల్‌డ్రింకులు, బిస్కెట్లు, చిప్సు ఇంట్లోకే తేకండి, ఎదురుగా ఉంటే ఆ ఆకలికి అడ్డం ఉండదు. మొదట పప్పు, కూర ఎక్కువగా పెట్టి తరువాత అన్నం పెట్టండి. రెండోసారి అడిగితే మజ్జిగ, కీరదోస, జామకాయ ఇవ్వండి. అన్నం గిన్నె పిల్లవాడి ముందు ఉంచకండి. రోజూ సాయంత్రం నడకకు తీసుకుపోండి. మందు మొదలైన మొదటి నెల నుంచే ఇవన్నీ చేయాలి. పెరిగాక తగ్గించడం చాలా కష్టం.

పగటి మత్తు తొలివారాల్లో ఉంటుంది, చాలామందిలో తగ్గుతుంది. తగ్గకపోతే రాత్రి వేళకు మార్చవచ్చునేమో డాక్టరుగారిని అడగండి. నోటి వెంట చొంగ కారడం, పక్క తడపడం, ఆడపిల్లల్లో నెలసరి ఆగడం, మగపిల్లల్లో అయినా ఆడపిల్లల్లో అయినా రొమ్ములు ఉబ్బడం లేదా పాలు రావడం కనిపించవచ్చు. సిగ్గుపడి దాచే విషయాలివి. దాచితే సరిచేసేవారుండరు. ఎండాకాలంలో ఈ మందు వాడే పిల్లలకు వడదెబ్బ త్వరగా తగిలే ప్రమాదం ఉంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఆటలు మాన్పించండి, మంచినీళ్ళు, మజ్జిగ పదేపదే ఇవ్వండి.

మెడ ఒకపక్కకు మెలిపడడం, కనుగుడ్లు పైకి వెళ్ళిపోవడం, నాలుక బయటకు రావడం, దవడ బిగుసుకోవడం. మందు మొదలుపెట్టిన, లేదా పెంచిన తొలి రోజుల్లో కొందరికి హఠాత్తుగా ఇలా అవుతుంది. చూడడానికి భయంకరంగా ఉంటుంది. గాలి సోకిందని తాయెత్తుకు పరుగెత్తేవారున్నారు, ప్రార్థనకు తీసుకుపోయేవారూ ఉన్నారు. ప్రార్థన దారిలో చేసుకోవచ్చు, బండి మాత్రం ఆసుపత్రికే రావాలి. ఇది మందు వల్ల కండరాలు పట్టేయడం. ఫినర్గన్ వంటి ఒక ఇంజెక్షనుతో సాధారణంగా కొద్దిసేపట్లోనే వదులుతుంది. వచ్చేటప్పుడు బిళ్లల అట్ట తప్పకుండా తెండి, డ్యూటీ డాక్టరుగారికి అది చూపితే ఫిట్సు అనుకునే పొరపాటు జరగదు. ఇంకొకటి, మందు మొదలుపెట్టాక కాళ్ళు ఒకచోట నిలవక అటూ ఇటూ తిరుగుతూ, కూర్చోలేక బాధపడుతుంటే అది పాత అల్లరి తిరగబెట్టడమని నిర్ణయించుకోకండి. ఈ మందే అలా చేయవచ్చు. అప్పుడు మోతాదు పెంచితే ఇంకా ఎక్కువవుతుంది.

మిగతా మందులు

అటామాక్సెటిన్ పూర్తిగా పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, వారానికే విసుగుపడవద్దు. వికారం రాకుండా తిన్న తరువాత ఇవ్వండి. క్యాప్సూల్ విప్పి పొడి కలపకండి, ఆ పొడి కళ్ళను మండిస్తుంది. క్లోనిడిన్ నిద్రమత్తు, లేచి నిలబడితే తల తిరగడం తెస్తుంది. దీన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ ఒక్కసారిగా ఆపకూడదు, రక్తపోటు ఒక్కసారిగా పెరిగిపోవచ్చు.

వెంటనే రావలసినవి

పరుగెత్తుతూ స్పృహతప్పడం, ఛాతీనొప్పి. ఎక్కువ జ్వరంతో ఒళ్ళు కర్రలా బిగుసుకొని మాట తడబడడం. లేనివి కనిపిస్తున్నాయి, వినిపిస్తున్నాయి అనడం. కళ్ళు పచ్చబడి మూత్రం ముదురు రంగులో రావడం. మగపిల్లల్లో అంగం గంటల తరబడి నొప్పితో గట్టిపడి ఉండడం. "నేను చచ్చిపోతాను" అనడం, ముఖ్యంగా అటామాక్సెటిన్ వాడే పిల్లలు అన్నప్పుడు. ఇవి రాత్రి పన్నెండింటికి కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి. 108కి ఫోను చేయండి. పిల్లవాడి మనసు గురించి అప్పటికప్పుడు ఎవరితోనైనా మాట్లాడాలంటే 14416 టెలిమానస్ నంబరు ఉంది. 2022లో మొదలైన ఈ ప్రభుత్వ సేవకు డబ్బు కట్టనవసరం లేదు, తెలుగులో మాట్లాడతారు.

మందు ఆపాలనుకుంటే

ఆపాలని అడగడం తప్పు కాదు. అడగండి. ఆపే పద్ధతి ఒక్కో మందుకు ఒక్కోలా ఉంటుంది. మిథైల్‌ఫెనిడేట్‌ను బరువు తగ్గిన కొందరు పిల్లలకు వేసవి సెలవుల్లో కొన్నాళ్ళు ఆపి చూస్తారు. రిస్పెరిడోన్‌ను, క్లోనిడిన్‌ను వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తూ రావాలి. వచ్చే ముందు రాత్రి పిల్లవాడిని కూడా పక్కన కూర్చోబెట్టుకొని అడగండి: "ఈ బిళ్ల వేసుకుంటే నీకు ఎలా ఉంటుంది?" ఏడెనిమిదేళ్ళ పిల్లలు చాలా చక్కగా చెబుతారు. వాడు చెప్పిన మాటే నోటుబుక్కులో రాయండి, మీ మాటల్లోకి మార్చకండి.

మిథైల్‌ఫెనిడేట్ చీటీ లేకుండా ఇవ్వరు, ప్రతి ఊళ్ళోనూ దొరకదు. సెలవులకు అమ్మమ్మగారింటికి వెళ్ళేటప్పుడు రోజులు లెక్కపెట్టుకొని, నాలుగు బిళ్లలు ఎక్కువగా, చీటీ జిరాక్సు కాపీతో సహా పెట్టుకోండి. అక్కడ చిన్నపిల్లలు ఉంటారు కాబట్టి మందు సంచీని చేతికందే కిటికీలో కాకుండా బీరువాలో తాళం వేసి ఉంచండి.