రాత్రి రెండింటికి అలారం మోగితే ఎవరు వెళ్తారు?

మన కాలేజీలో ఏ హ్యాకథాన్ జరిగినా ఒక ప్రాజెక్ట్ మాత్రం గ్యారంటీగా ఉంటుంది. పెద్దవాళ్లు కింద పడితే గుర్తుపట్టి పిల్లల ఫోన్‌కి మెసేజ్ పంపే పరికరం. ఒక ఈఎస్‌పీ32 బోర్డు, ఒక ఎంపీయూ6050 సెన్సర్, వీలైతే ఒక జీఎస్ఎం మాడ్యూల్. మొత్తం వెయ్యి, పదిహేను వందల్లో అయిపోతుంది. డెమోలో టీమ్‌లో ఒకడు పడిపోయినట్టు నటిస్తాడు, ఫోన్ మోగుతుంది, అందరం చప్పట్లు కొడతాం.

మరి ఇంత తేలిగ్గా తయారయ్యే వస్తువు ప్రతి ఇంట్లోనూ ఎందుకు లేదు? అవసరం లేదనుకుందామా అంటే, 2011 జనాభా లెక్కల ప్రకారమే మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లు సుమారు 10 కోట్ల 40 లక్షలు. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో ఇచ్చిన నివేదిక అంచనా ప్రకారం 2050 నాటికి ఆ సంఖ్య దాదాపు 35 కోట్లవుతుంది. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు. అప్పటికి మనం నలభైల్లో ఉంటాం, ఆ ఐదుగురిలో ఒకరు మన అమ్మో నాన్నో అయి ఉంటారు.

నాకర్థమైనంతవరకు అడ్డంకి సెన్సర్ దగ్గర లేదు, డబ్బు లెక్క దగ్గర ఉంది. ఆ లెక్కే ఇక్కడ వేసి చూపిస్తాను.

వెయ్యి ఇళ్ల లెక్క

ముందు సెన్సర్ ఏం చేస్తుందో చూద్దాం. మనిషి పడుతున్నప్పుడు ఒక్క క్షణం సెన్సర్ రీడింగ్ సున్నా వైపు జారుతుంది. నేలకు తగలగానే ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ తర్వాత కాసేపు కదలిక ఉండదు. ఈ మూడూ వరసగా కనిపిస్తే ప్రోగ్రామ్ "పడ్డారు" అంటుంది. కానీ మంచం మీద ధబీమని కూలబడి పడుకున్నా, పరికరం చేతిలోంచి జారిపడినా దాదాపు ఇదే కనిపిస్తుంది. హద్దు తగ్గిస్తే ఉత్తుత్తి అలారాలు ఎక్కువవుతాయి, పెంచితే నిజంగా పడినవాళ్లు తప్పిపోతారు.

ఇప్పుడు ఒక ఊహా లెక్క. మన దగ్గర వెయ్యి ఇళ్లు ఉన్నాయి. ఒక్కో పరికరం వారానికి ఒక ఉత్తుత్తి అలారం ఇస్తుంది అనుకుందాం. అంటే రోజుకు 143 అలారాలు. ప్రతిదానికీ ఎవరో ఒకరు ఫోన్ చేసి "బాగానే ఉన్నారా అమ్మా" అని అడగాలి. ఒక్కో కాల్‌కు పది నిమిషాలు వేసుకుంటే రోజుకు దాదాపు 24 గంటల పని. ఒక మనిషి షిఫ్ట్‌లో నికరంగా ఆరు గంటలు మాట్లాడగలిగితే నలుగురు కావాలి. రాత్రి డ్యూటీలు, సెలవులు కలిపితే ఆరుగురు. తలకు 20,000 జీతమంటే నెలకు 1,20,000 రూపాయలు. ఇంటికి 120.

అయిపోలేదు. పది కాల్స్‌లో ఒకసారి అవతల ఎవరూ ఫోన్ ఎత్తరు. అప్పుడు మనిషే వెళ్లి తలుపు కొట్టాలి. రోజుకు 14 సార్లు, వెళ్లినప్పుడల్లా 200 ఖర్చు అంటే నెలకు 84,000. ఇంటికి ఇంకో 84. మొత్తం 204 రూపాయలు. ఆఫీసు అద్దె, సిమ్ రీచార్జి, రిపేర్లు, ప్రకటనలు ఇంకా కలపనే లేదు. సెన్సర్ ఖర్చు ఒక్కసారే. మనిషి ఖర్చు ప్రతి నెలా.

మామూలు యాప్‌కు ఇంకో యూజర్ చేరితే ఖర్చు పెద్దగా పెరగదు. ఇక్కడ అలా కుదరదు. పైగా ఆ 200 రూపాయల లెక్క ఇళ్లన్నీ ఒకే టౌన్‌లో ఉంటేనే. ఒక ఇల్లు ఇచ్ఛాపురంలో, ఇంకోటి ఆదిలాబాద్‌లో ఉంటే తలుపు కొట్టడానికి ఎవరు వెళ్తారు? అందుకే ఒక్క టౌన్‌లో వెయ్యి ఇళ్లున్న సంస్థ నిలబడొచ్చు, రెండు రాష్ట్రాల్లో పదివేల ఇళ్లున్న సంస్థ మునిగిపోవచ్చు.

ఆకుపచ్చ లైటు

ఈ లెక్క నేను వేయడానికి కారణం మా అమ్మమ్మ. తణుకు దగ్గర పల్లెటూళ్లో ఒక్కతే ఉంటుంది. మామయ్య డల్లాస్ నుంచి డబ్బు కట్టి ఒక సంస్థవాళ్లతో ఇంట్లో ఇలాంటి పెట్టె పెట్టించాడు. మొదట్లో కాల్ సెంటర్ అమ్మాయి రోజూ ఫోన్ చేసి మందులు వేసుకున్నారా అని అడిగేది. పదకొండో నెలలో ఆ ఫోన్లు ఆగిపోయాయి. తర్వాత ఆ నంబరే పనిచేయలేదు. సంస్థ మూతపడిందని మామయ్యకు చాలా ఆలస్యంగా తెలిసింది.

గోడ మీద పెట్టెలో ఆకుపచ్చ లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. కరెంటు ఉంది కదా, వెలుగుతుంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు అమ్మమ్మ దాన్ని చూపించి, "అది చూస్తూ ఉంటుందిలే, నాకేం భయం" అంది. ఆ సాయంత్రమే దాన్ని పీకేశాను.

నన్ను ఎక్కువ భయపెట్టింది వేరే విషయం. ఆ పెట్టె రాకముందు పక్కింటి పిన్ని రోజూ పొద్దున్నే ఒకసారి తొంగి చూసేది. మామయ్య రోజూ ఫోన్ చేసేవాడు. పెట్టె వచ్చాక పిన్ని రావడం తగ్గింది, మామయ్య ఫోన్ వారానికి ఒకటైంది. ఒక ఫుడ్ డెలివరీ యాప్ మూతపడితే ఇంకోటి డౌన్‌లోడ్ చేసుకుంటాం. ఇలాంటి సేవ మూతపడితే అది రాకముందు ఉన్న కాపలా కూడా పోయి ఉంటుంది. అందుకే ఈ రంగంలో వ్యాపారం నిలబడటం అనేది యజమాని లాభానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. పెద్దవాళ్ల భద్రతలో అదీ ఒక భాగం.

మరి డబ్బు ఎవరు కట్టాలి?

ఒక దారి, పిల్లలు కట్టడం. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ జపాన్‌లోని జోజిరుషి కంపెనీది. 2001లో వాళ్లు ఐ-పాట్ అనే ఎలక్ట్రిక్ కెటిల్‌తో ఒక సేవ మొదలుపెట్టారు. పెద్దాయన టీ కోసం నీళ్లు వంచుకున్న సమాచారం వేరే ఊళ్లో ఉన్న కొడుక్కో కూతురికో ఈమెయిల్‌గా వెళ్తుంది. కెమెరా లేదు. నెలకు సుమారు 3,000 యెన్‌లు. ఇందులో తెలివి ఎక్కడుందంటే, కంపెనీ "కాపాడతాం" అనలేదు, "తెలియజేస్తాం" అని మాత్రమే అంది. ఈమెయిల్ చూసి ఫోన్ చేసే పని పిల్లలదే, కాబట్టి ఆరుగురి జీతాల బరువు కంపెనీ మీద పడదు. చిన్న మాట ఇచ్చారు, ఇరవై ఏళ్లకు పైగా నిలబెట్టుకున్నారు. కాకపోతే కట్టగలిగే పిల్లలు ఉన్నవాళ్లకే ఇది.

రెండో దారి, ఎలాగూ గుమ్మం ఎక్కే మనిషిని వాడుకోవడం. జపాన్ పోస్ట్ 2017లో దేశమంతటా ఒక సేవ తెచ్చింది. పోస్టాఫీసు ఉద్యోగి నెలకోసారి పెద్దవాళ్ల ఇంటికెళ్లి, మాట్లాడి, ఎలా ఉన్నారో కుటుంబానికి తెలియజేస్తాడు. ఇలాంటి పునాది మనకూ ఉంది. 2020 నుంచి ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ ద్వారా పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చి 70 రూపాయలకు పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్ పని పూర్తిచేస్తున్నాడు. ఆంధ్రప్రదేశ్‌లో నెల మొదట్లో సచివాలయ సిబ్బంది పింఛను ఇంటికి తెచ్చిస్తున్నారు. దారి ఖర్చు ఎలాగూ అయిపోయింది కాబట్టి ఇంకో ఐదు నిమిషాలు కూర్చుని నాలుగు ప్రశ్నలు అడగడానికి కొత్తగా అయ్యేది తక్కువ. అయితే నెలకోసారి వచ్చే మనిషి అత్యవసరానికి పనికిరాడు.

మూడో దారి, పెద్దవాళ్లు పడితే ఎవరికి నష్టమో వాళ్లు కట్టడం. జపాన్‌లో 2000 ఏప్రిల్‌లో దీర్ఘకాలిక సంరక్షణ బీమా మొదలైంది. 40 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరూ ప్రీమియం కట్టాలి. నిధుల్లో సగం ప్రీమియంలు, సగం పన్నులు. సేవ వాడుకునేవాళ్లు సాధారణంగా ఖర్చులో 10 శాతం, ఆదాయం ఎక్కువుంటే 30 శాతం వరకు కడతారు. దాంతో ఇంటికొచ్చి సేవచేసే సంస్థలకు నెలనెలా కచ్చితంగా డబ్బు కట్టేవాళ్లు దొరికారు. అమెరికాలో 2017లో మొదలైన పాపా అనే సంస్థ పెద్దవాళ్ల ఇంటికి తోడుగా మనుషుల్ని పంపుతుంది. దానికి చాలావరకు డబ్బు కట్టేది మెడికేర్ అడ్వాంటేజ్ బీమా కంపెనీలు. మనిషి ఆస్పత్రి పాలవకుండా ఉంటే వాళ్లకే మిగులు కదా.

మన దగ్గర 2024 అక్టోబర్ నుంచి 70 ఏళ్లు దాటినవాళ్లందరికీ, ఆదాయంతో పనిలేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఉంది. మంచిదే. కానీ అది ఆస్పత్రిలో చేరినప్పటి ఖర్చు. తుంటి ఎముక విరిగాక ఆపరేషన్‌కు డబ్బుంది, విరగకుండా చూసే మనిషికి లేదు. కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన సేజ్ పథకం ఈ రంగంలోని స్టార్టప్‌లకు కోటి రూపాయల వరకు పెట్టుబడి ఇస్తుంది. కానీ పెట్టుబడి వేరు, నెలనెలా వచ్చే రాబడి వేరు. పెట్టుబడితో పెట్టె తయారవుతుంది, రాత్రి రెండింటికి తలుపు కొట్టేవాళ్ల జీతం మాత్రం రాబడి నుంచే రావాలి.

మన కోడ్ ఎక్కడ పనికొస్తుంది?

వెయ్యి ఇళ్ల లెక్కకు మళ్లీ వెళ్దాం. ఉత్తుత్తి అలారం వారానికి ఒకటి కాకుండా నెలకు ఒకటే వచ్చేలా మనం ప్రోగ్రామ్ రాయగలిగితే, అదే ఆరుగురు నాలుగు వేలకు పైగా ఇళ్లు చూసుకోగలరు. ఇంటికి 204 పడే ఖర్చు 50 దగ్గరికి వస్తుంది. అప్పుడు డల్లాస్ కొడుకు లేని ఇంటికి కూడా ఈ సేవ అందుబాటులోకి రావచ్చు. తలుపు కొట్టే పనికి అదే ఊరి డ్వాక్రా మహిళలకు శిక్షణ ఇచ్చి, వెళ్లిన ప్రతిసారీ డబ్బిస్తే వాళ్లకూ ఆదాయం. ఇది నా ఆలోచన మాత్రమే, తప్పులుంటే వాదిద్దాం రండి. ఈలోగా ఇంట్లో పెద్దవాళ్లున్న ప్రతి ఒక్కరూ 14567 నంబరు సేవ్ చేసుకోండి. ఎల్డర్‌లైన్ అనే ఉచిత జాతీయ హెల్ప్‌లైన్ అది. 2017లో మన హైదరాబాద్‌లోనే మొదలైంది.

ఈసారి హ్యాకథాన్‌లో ఈ ప్రాజెక్ట్ ఎంచుకునే టీమ్‌కు నా కోరిక ఒక్కటే. సర్క్యూట్ బొమ్మ పక్కనే మూడు జవాబులు రాయండి. నెలనెలా డబ్బు ఎవరు కడతారు? అలారం మోగితే ఎవరు వెళ్తారు? సంస్థ మూతపడితే ఇంట్లోవాళ్లకు ఎలా తెలుస్తుంది? మూడోదానికి జవాబు మన చేతుల్లోనే ఉంది. సర్వర్ నుంచి ఒక రోజంతా జవాబు రాకపోతే పెట్టె తనంతట తానే ఎర్ర లైటు వేసి, "నేను పనిచేయడం లేదు, మీవాళ్లకు ఫోన్ చేయండి" అని తెలుగులో చెప్పాలి. పట్టుమని ఇరవై లైన్ల కోడ్.